సోమవారం గదిలో సున్నా

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గర కూర్చుని ఉండగా, చారు గిన్నె పక్కన పెట్టిన ముక్కు సున్నా కిందికి దిగిపోయింది.

ముక్కంటే మనిషి ముక్కు కాదు లెండి. అగ్గిపెట్టెకి అన్నలాంటి చిన్న యంత్రం. స్వరూప పనిచేసే పరిశోధనశాలలో దానికి బారెడు పేరు పెట్టారు. ఆ పేరు ఎవరికీ నోరు తిరగక ముక్కు అని పిలుచుకుంటున్నారు. భయపడ్డ మనిషి చెమటకి వేరే వాసన ఉంటుంది. మనకి తెలియదు, కుక్కలకి తెలుస్తుంది. ఆ వాసన పట్టుకుని, చుట్టుపక్కల ఎంత భయం ఉందో అంకెలో చూపించడం దాని పని. సున్నా అంటే భయం లేదు. నలభై దాటితే పచ్చ దీపం ఆరి ఎర్ర దీపం వెలుగుతుంది, చెవులు గింగురుమనేలా అరుస్తుంది. భయం బొత్తిగా లేకపోవడం కంటే తక్కువ భయం లోకంలో ఎక్కడా ఉండదు కదా! అందుకని సున్నా కిందికి దిగడానికి దానికి దారే లేదు. మరి ఇప్పుడు మైనస్ యాభై చూపిస్తోంది.

"ఖరాబైందా ఏంది?" అన్నాడు స్వరూప భర్త నర్సింగరావు, అన్నంలో పెరుగు కలుపుకుంటూ.

"నిన్న ల్యాబ్‌ల మంచిగనే ఉండె" అంది స్వరూప.

"నీ వంకాయ కూర తిని దానికి ధైర్యం వచ్చింది మమ్మీ" అంది ఇంటర్ చదివే కూతురు చందన. తండ్రీ కూతుళ్ళు కిసుక్కున నవ్వుకున్నారు. అంకె ఇంకాస్త కిందికి దిగింది.

బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని దాన్ని ఇంటికి తెచ్చుకుంది స్వరూప. బుధవారం బొగ్గు గనిలో మొదటి పరీక్ష ఉంది. గనిలోకి దిగే ఒక జట్టు మొత్తం టోపీలకి ముక్కులు పెట్టుకుని వెళ్ళాలి. ఆ జట్టులో ఆమె తమ్ముడు ఓదెలు ఉన్నాడు. అసలీ ఆలోచన పుట్టిందే వాళ్ళ నాన్న వల్ల. ఆయనా గని కార్మికుడే. ఒకరోజు అన్నం తింటూ, 'ఇయ్యాల గని కప్పు కిందికెళ్ళి పోతుంటే పానం జల్లుమన్నది, చెప్తే నవ్వుతరని చెప్పలే' అన్నాడు. ఆ మర్నాడే ఆ కప్పు కూలి చనిపోయాడు. మనిషి నోరు దాచినా ఒళ్ళు దాచలేదు కదా, ఆ ఒంటి మాట పైకి వినిపిస్తే ఎంతమంది బతుకుతారో అనే పట్టుదలతోనే స్వరూప ఇంత చదువు చదివింది. అలాంటి యంత్రం పరీక్షకి ముందు ఇలా వెర్రి వేషాలు వేస్తే ఎవరికైనా ముద్ద దిగుతుందా?

సాయంత్రం రైతుబజారుకి వెళ్తూ దాన్ని సంచిలో వేసుకుంది. బజారు నిండా జనం, బేరాలు, కేకలు. అక్కడా సున్నా కిందే. టమాటాల దగ్గర ఒకావిడ తూకం మీద ఖాళీ గిన్నె పెట్టి, మీట నొక్కి సున్నా చేసి, అందులో టమాటాలు పోసి తూచింది. తర్వాత గిన్నె ఎత్తి సంచిలో గుమ్మరించింది. గిన్నె లేచేసరికి తూకం మైనస్ చూపించింది.

రోజూ చూసేదే. కానీ స్వరూప అక్కడే నిలబడిపోయింది. చిల్లర ఇస్తుంటే తీసుకోలేదు. గిన్నె బరువుతో సహా సున్నా అని నేర్పితే, గిన్నె తీసేసిన రోజున తూకం ఏం చేస్తుంది పాపం! మైనస్ అంటుంది. ముక్కు పాడవలేదు. దానికి సున్నా నేర్పిన చోట ఏదో బరువు ఉంది. ఆ బరువేమిటో తెలిసేసరికి ఆమె ఒళ్ళు చల్లబడింది.

ఇక్కడ ఆ సున్నా సంగతి చెప్పాలి. ముక్కు మరిచిపోయే రకం. వారానికోసారి దానికి ఇదిగో భయం లేని గాలి అని చూపించి సున్నా కట్టాలి. 'ప్రశాంతంగా ఉన్న మనుషుల మధ్య కట్టవలెను' అని పద్ధతి రాసుకున్నారు. అలాంటి చోటు ఎక్కడ అని వెతుకుతుంటే డైరెక్టర్ మార్తాండరావు నవ్వి, "మన సోమవారం మీటింగు కంటే ప్రశాంతమైన చోటు ఇంకెక్కడుందండీ? ఒక్కరు కుర్చీలో కదలరు, ఒక్కరు నోరెత్తరు" అన్నాడు. అందరూ నవ్వి అవునన్నారు. అప్పటినుంచీ ప్రతి సోమవారం ముక్కులన్నీ ఒక పళ్ళెంలో పేర్చి, ఆ గది మేజా మధ్యలో దేవుడి ముందు పెట్టినట్టు పెట్టి, సున్నా కట్టడం ఆ పరిశోధనశాల ఆచారమైపోయింది.

మార్తాండరావు అరిచే మనిషి కాదు. అరిచినా కొంత నయమే, చెవులు మూసుకోవచ్చు. మెత్తటి గొంతు, తెల్లటి చొక్కా, ఊరెళ్ళి వస్తే అందరికీ కాజాలు. ఎవరింట్లో పెళ్ళయినా ముందు వరసలో ఉంటాడు. అయితే సోమవారం సోమవారం ఎవరో ఒకర్ని బోర్డు దగ్గర నిలబెడతాడు. పని గురించే మొదలుపెడతాడు. తర్వాత వాళ్ళ నడక, మాట, చొక్కా, కన్నతల్లి పంపిన పచ్చడి, అన్నీ వరసగా వస్తాయి. గదంతా నవ్వుతుంది. నవ్వని వాళ్ళ వంతు వచ్చే సోమవారం.

సింహాచలం వంతు మాత్రం ఒక వారంతో పోలేదు. శ్రీకాకుళం వైపు కుర్రాడు, సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టు ఉండేవాడు. "మన సింహం వచ్చిందండోయ్! ఏదీ నాయనా, ముందొకసారి గర్జించు, లెక్కలు తర్వాత చెబుదువుగాని" అన్నాడు మార్తాండరావు మొదటి సోమవారం. కుర్రాడు కూడా సిగ్గుపడి నవ్వాడు. రెండోసారికి నవ్వలేదు. తర్వాత తర్వాత క్యాంటీన్‌లో, మెట్ల మీద, అందరూ 'ఏటి సింహం, ఏటి కబుర్లు' అని అతని యాసలోనే పలకరించడం మొదలుపెట్టారు. అతను చేసిన పని వేరే వాళ్ళ పేర్ల మీద బయటికి వెళ్ళింది. తల్లికి బాగోలేదని సెలవడిగితే, "సింహాలకి తల్లిబెంగ ఏమిటయ్యా!" అని కాగితం వెనక్కి ఇచ్చాడు. ఒక సోమవారం గర్జించేదాకా కూర్చోవడానికి వీల్లేదని బోర్డు దగ్గరే నిలబెట్టేశాడు, మీటింగంతా. చివరికి అతను గర్జించాడు. గొంతు సగంలో విరిగి, చిన్నపిల్లాడి ఏడుపులా వచ్చింది. గది పగిలేలా నవ్వారు. స్వరూప కూడా నవ్వింది.

ఆ మధ్యాహ్నం భోజనానికని వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. అన్నం డబ్బా బల్ల మీద అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఒక వింత మొదలైంది. ఖాళీగా ఉన్న అతని కుర్చీ దగ్గరికి ఎవరు ముక్కు తీసుకెళ్ళినా అంకె చివాలున లేచేది. కూర్చున్న మనిషి వెళ్ళి నెలలైనా, కుర్చీ గుడ్డ ఇంకా భయపడుతూనే ఉన్నట్టు. 'స్పాంజి వాసన' అన్నారు. 'ఎండకి పెడితే పోతుంది' అన్నారు. పోలేదు. ఆ కుర్చీలో కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. సామాన్ల గదిలో పడేశారు. ఆ గది ముందు నుంచి వెళ్ళేటప్పుడు స్వరూప తెలియకుండానే అడుగు వేగంగా వేసేది.

రైతుబజారు నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఇదంతా ఆమె తలలో గిరగిర తిరిగింది. ఆ గదిలో అంతమంది, అంతసేపు, అంత భయాన్ని నోరు మూసుకుని ఒళ్ళంతా కారుస్తుంటే, దాన్నే సున్నా అని నేర్పారు ముక్కుకి. గనిలో మనిషి ఆ భయాన్ని దాటి, ఇంకా అంత భయపడితే గాని అది అరవదు. అప్పటికి కప్పు నెత్తిన ఉంటుంది.

ఇంటికొచ్చి ముక్కుని టీవీ పక్కన పెట్టింది. దీపాలు వేసే వేళకి చందన పిలిచింది. "మమ్మీ, ఇది పెరుగుతుంది చూడు." నిజమే. మైనస్ యాభై నుంచి నలభై, ముప్పై, అలా ఒక్కొక్కటే పైకి పాకుతోంది. చందన దాన్ని తన గదిలోకి పట్టుకెళ్ళింది. దిగింది. వంటింట్లో ఉన్న తల్లి దగ్గరికి తెచ్చింది. మళ్ళీ ఎక్కింది.

"నీ దగ్గరనే పెరుగుతుంది మమ్మీ. రేపు ఏముంది?"

"రేపా? సోమవారం" అంది స్వరూప, గిన్నెలు కడుగుతూ.

సోమవారం గదిలో అందరూ వచ్చి కూర్చున్నారు. పళ్ళెంలో ముక్కులు వరసగా పచ్చగా వెలుగుతున్నాయి. స్వరూప దారి పొడవునా చెప్పాల్సిన మాటని నోట్లోనే చదువుకుంటూ వచ్చింది.

"ఏం స్వరూపమ్మా, మొహం అలా వేలాడదీశావు? కూర బాలేదన్నారా ఏమిటి నర్సింగరావుగారు?" అన్నాడు మార్తాండరావు. నవ్వులు.

"సార్, బుధవారం పరీక్ష... కొన్నాళ్ళు వాయిదా వేస్తే బాగుంటుంది. సున్నా గురించి ఒక మాట చెప్పాలి."

"సున్నా గురించా! ఇన్నాళ్ళకి సున్నా కనిపెట్టారండీ మన స్వరూపమ్మ!" గది ఘొల్లుమంది. "చెప్పమ్మా, చెప్పు. అలా బోర్డు దగ్గరికి వచ్చి చెప్పు, అందరం నేర్చుకుంటాం."

ఆమె వెళ్ళి నిలబడింది. సింహాచలం నిలబడ్డ చోటే. అక్కడి నుంచి చూస్తే గది వేరేగా ఉంది. తెలిసిన మొహాలే, కలిసి టీలు తాగిన మొహాలే, అన్నీ పళ్ళు బయటపెట్టి ఎదురుచూస్తున్నాయి. 

"ఇంట్లో పెడితే సున్నా కిందికి దిగుతోంది సార్. అంటే మనం కట్టిన చోట... ఈ గదిలో..."

"ఈ గదిలో?" అన్నాడు మార్తాండరావు ఇంకా మెత్తగా. "ఈ గదిలో భయం ఉందంటావు. ఎవరంటే? నేనంటేనా?" పక్కకి తిరిగాడు. "ఏమయ్యా, నేనంటే నీకు భయమా?"

"అబ్బెబ్బే, లేదు సార్."

"నీకమ్మా?"

"అయ్యో, భయమేంటి సార్!"

అలా గది చుట్టూ అందరినీ అడిగాడు. ఒక్కొక్కరూ లేదన్నారు. ఆఖరికి పళ్ళెం వైపు వేలు చూపించాడు. ముక్కులన్నీ సున్నా దగ్గర పచ్చగా, బుద్ధిగా ఉన్నాయి. "చూశావా, నువ్వు చేసిన యంత్రం కూడా లేదనే అంటోంది. ఇంకా ఏమైనా ఉందా? లేకపోతే నువ్వూ ఒకసారి గర్జిస్తావా?"

ఎన్నో ఏళ్ళ చదువు, నాన్న చావు, తమ్ముడి ప్రాణం, అన్నీ ఆ క్షణంలో ఆమె నాలుక చివరే ఉన్నాయి. 

"బ్యాటరీ అయ్యుంటుంది సార్" అని వచ్చి కూర్చుంది.

సాయంత్రం మేడ మీదికి వెళ్ళి తమ్ముడికి ఫోన్ చేసింది. ఓదెలు గొంతు హుషారుగా ఉంది.

"అక్కా! బొగ్గు బాయిల అందరికి చెప్పిన, మా అక్క జేసిన మిషన్ అని. రాజలింగన్న అయితే, 'మీ అక్కకు దండం పెట్టాలెరా' అంటుండు."

"ఓదెలూ, నా మాట విను. ఎల్లుండి సెలవు పెట్టరాదు?"

"గదేంది? నీ మిషన్ వస్తుంటే నేనే లేకుంటె ఎట్ల?"

"ఆ మిషన్‌ను ఎక్కువ నమ్మకు రా."

"నమ్మొద్దంటె ఎందుకు జేసినవే?" అని నవ్వాడు. "ఏమైంది, సక్కగ చెప్పు."

సున్నా తప్పు కట్టాం అని చెబితే? వాడు సూపర్‌వైజర్‌కి చెబుతాడు. ఆయన మేనేజర్‌కి, మేనేజర్ మార్తాండరావుకి. వచ్చే సోమవారం బోర్డు, ఆ తర్వాతి సోమవారం కూడా బోర్డు. ఇవన్నీ రెప్పపాటులో ఆమె కళ్ళ ముందు తిరిగాయి.

"బ్యాటరీ మంచిగ లేదు" అంది.

"గంతేనా! కొత్తది ఏసుకుంట తియ్" అన్నాడు ఓదెలు.

తోడబుట్టినవాడికి కూడా పొద్దున ఆ గదిలో ఆడిన అబద్ధమే ఆడింది చూశారా! ఆ గది అంత దూరం వస్తుంది మనిషి వెంట.

బుధవారం పొద్దున కప్పు కూలింది. గని పైన ఉన్న గదిలో ఇంజనీర్లు తెర మీద అంకెలు చూస్తూనే ఉన్నారట. ఇరవై దాటాయి, ముప్పై దాకా ఎక్కాయి, నలభైకి చేరలేదు. ఒక్క ఎర్ర దీపమూ వెలగలేదు. రాజలింగు అక్కడికక్కడే పోయాడు. ఓదెలుని బొగ్గు కింద నుంచి లాగారు. కుడికాలు మోకాలి కింద నుజ్జునుజ్జయింది. తీసెయ్యక తప్పలేదు.

ఆసుపత్రిలో స్వరూప వెళ్ళేసరికి వాడు మేలుకునే ఉన్నాడు. కాలు లేనిచోట దుప్పటి పల్లంగా ఉంది. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత పైకప్పు వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

"కప్పు చప్పుడు జేసిందక్కా. నేను ఇన్న. రాజలింగన్న గూడ ఇన్నడు. ఇద్దరం ఒకల దిక్కు ఒకలం జూసుకున్నం. నా గుండె దడదడ కొట్టుకుంటుంది. ఉరుకుదామని పనిముట్టు గూడ కింద వడేసిన."

"ఉరుకకపోయినవారా..."

"ఆయన టోపీ మీద పచ్చ లైటు నాకు కనవడుతుంది. నా టోపీ మీదిది ఆయనకు కనవడుతుంది. 'భయం లేదని మిషన్ చెప్తుంది గదరా, మనమే ఊకె పిరికోల్ల లెక్క ఉరుకుతె అందరు నవ్వుతరు' అన్నడు. నాకు గూడ నిజమే అనిపించింది. మా అక్క మిషన్ తప్పు చెప్తదా అనుకున్న. మళ్ళ పనిల వడ్డం."

వాడు తల తిప్పి ఆమె మొహంలోకి చూశాడు. నింద లేదు ఆ చూపులో. నిజంగా తెలియక అడిగాడు.

"నాకు భయమైందక్కా. మస్తు భయమైంది. మరి కాలేదని ఎందుకన్నది అది?"

స్వరూపకి ఏడుపు కూడా రాలేదు. నాన్న అన్నం ముందు కూర్చుని అన్న మాట, ఇన్నేళ్ళు తిరిగి తిరిగి, ఆమె చేతుల మీదుగానే వచ్చి కొడుకు కాలు పట్టుకుపోయింది. అప్పుడు నవ్వుతారని నాన్న నోరు మూసుకున్నాడు. ఇప్పుడు నోరు తెరవబోయిన వాళ్ళ నోళ్ళు తను చేసిన యంత్రం మూసింది. చెయ్యి విడిపించుకుని వరండాలోకి వచ్చి, గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

విచారణ జరుగుతుందన్నారు. గనుల భద్రత చూసే అధికారి సోమవారం పరిశోధనశాలకి వచ్చి యంత్రాన్ని స్వయంగా పరీక్షిస్తారట. మార్తాండరావు స్వరూపని గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, టీ తెప్పించాడు. ఓదెలు గురించి అడిగాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

"మొదట్లో సున్నా కట్టే పద్ధతి రాసింది సింహాచలమే కదమ్మా. కుర్రాడికి మనసు స్థిమితం ఉండేది కాదు, నీకూ తెలుసు. అతని నిర్లక్ష్యం అని మనం చెబితే సరిపోతుంది. ఎలాగూ వెళ్ళిపోయిన మనిషి, ఎవరికీ నష్టం లేదు. నువ్వు ఊఁ అంటే చాలు."

ఆమె టీ ముట్టకుండా లేచింది.  బయటికి వచ్చి, తన ఫోన్‌లో ఇంకా మిగిలి ఉన్న సింహాచలం నంబరు నొక్కింది. చాలాసేపటికి ఒక పెద్దావిడ ఎత్తింది.

"ఎవులమ్మా?"

"నేను సింహాచలంతో కలిసి పనిచేసినదాన్నమ్మా. హైదరాబాదు నుంచి. ఎలా ఉన్నాడు?"

 "ఆ ఆపీసోలా తల్లీ? మళ్ళీ రమ్మంతన్నారా?"

"లేదమ్మా, ఊరికే..."

"రమ్మనకండమ్మా, నీకు పున్నెముంతాది. పోను మోగితే సాలు, మంచం మూలకి ఎల్లి గోడకేసి తిరిగి కూకుంతాడు. ఎవులితోటీ మాటాడ్డు. ముందు ఎంత మాటలమారి అనుకున్నావు! ఇప్పుడు నా పోను గూడా గొళ్ళెమేసిన గదిలో దాసుకుంతన్నాను." గొంతు తగ్గించింది. "ఆడ ఏటి సేసినారమ్మా నా బిడ్డని? కొట్టినారా?"

"కొట్టలేదమ్మా" అంది స్వరూప. "నవ్వాం" అని చెప్పడానికి ఆమె వల్ల కాలేదు.

ఆ ఆదివారం వంటింట్లో మళ్ళీ వంకాయ కూరే. తండ్రీ కూతుళ్ళని భోజనానికి కూర్చోబెట్టి, స్వరూప వాళ్ళ మధ్య ముక్కుని పెట్టి సున్నా మీట నొక్కింది. "మీరు తినుకుంట ముచ్చట పెట్టుకోండి. నేను పిలిచేదాక రావద్దు" అని తలుపు చేరవేసి బాల్కనీలోకి వెళ్ళింది. తను పక్కనుంటే గాలి శుభ్రంగా ఉండదు, ఆ సంగతి ఆమెకి తెలుసు. లోపల చందన ఏదో అంది, నర్సింగరావు పకపకా నవ్వాడు. ఎవరినీ ఏమీ చెయ్యని నవ్వు. ఆ నవ్వు మధ్య ముక్కు సున్నా నేర్చుకుంది.

సోమవారం ఆమె అందరికంటే ముందు వెళ్ళి సామాన్ల గది తాళం తీసింది. దుమ్ము కొట్టుకుపోయిన కుర్చీని లాక్కొచ్చి, మీటింగు గదిలో బోర్డు పక్కన వేసింది. చూసినవాళ్ళు చూపు తిప్పుకున్నారు. మార్తాండరావు అధికారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన రిటైర్‌మెంటుకి దగ్గరపడిన మనిషి, నవ్వు మొహమూ కాదు, కోపం మొహమూ కాదు. పళ్ళెం మధ్యలో పెట్టారు. స్వరూప సంచిలోంచి తన ముక్కు తీసి ఆ పళ్ళెంలోనే పెట్టి మీట నొక్కింది.

అది ఒక్క క్షణం కూడా ఆగలేదు. పచ్చ దీపం ఆరి, ఎర్ర దీపం వెలిగి, గది దద్దరిల్లేలా కూత పెట్టింది.

అధికారి గభాలున పైకప్పు వైపు చూశాడు. అది గనుల్లో తిరిగిన మనిషి పాత అలవాటు. తర్వాత చుట్టూ కూర్చున్నవాళ్ళని చూశాడు. "ఏమిటిది? ఇక్కడ ఏం కూలుతోంది?"

"పాడైన ముక్కు సార్, పొరపాటున వచ్చింది" అన్నాడు మార్తాండరావు నవ్వుతూ. "స్వరూపమ్మా, తీసెయ్యి."

"పాడవలేదు సార్" అంది స్వరూప. లేచి బోర్డు దగ్గరికి, కుర్చీ పక్కకి నడిచింది. ఎవరూ రమ్మనలేదు. "మిగతా వాటికి సున్నా ఈ గదిలో కట్టాం. దీనికి మా ఇంట్లో, అన్నం తింటున్నప్పుడు కట్టాను. ఇది భయాన్నే చూపిస్తోంది. ఈ గదిలో ఉన్న భయాన్ని."

"భయమా! ఎవరికి?" మార్తాండరావు ఎప్పటిలాగే పక్కకి తిరిగాడు. "ఏమయ్యా, నేనంటే నీకు భయమా?"

"ల్... లేదు సార్."

కూత ఒక మెట్టు పైకి వెళ్ళింది.

"నీకమ్మా?"

"లేదు సార్."

ఇంకో మెట్టు. మూడో మనిషి నోరు తెరవబోయి, ముక్కు వైపు చూసి, మూసుకున్నాడు. నాలుగో మనిషిని మార్తాండరావు అడగలేదు. అతని మొహంలో నవ్వు అలాగే ఉంది గాని, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉంది.

అధికారి స్వరూప వైపు తిరిగాడు. "మీకమ్మా?"

"భయమే సార్" అంది.   ఆ మాట బయటపడితే తేలికవుతుందేమో అనుకుంది. కాలేదు. కూత తగ్గలేదు. అయినా చెప్పింది. "ఇప్పుడు కూడా భయమే. మొన్న సోమవారం ఇక్కడే నిలబడి ఈ సంగతి చెప్పబోయి, ఆ భయంతోనే బ్యాటరీ అని అబద్ధమాడాను. దానివల్ల రాజలింగు పోయాడు. మా తమ్ముడికి కాలు పోయింది. ఈ కుర్చీ సింహాచలం అనే అబ్బాయిది సార్. తప్పు అతనిది అని మీకు చెప్పబోతున్నారు. అతనికి ఈ గదిలో ఏం జరిగిందో, మేమంతా ఏం చేశామో చెబుతాను. మొదటి సోమవారం నుంచి చెబుతాను."

"ముందు దాన్ని ఆపండి!" అన్నాడు మార్తాండరావు. అతను అరవడం అందరూ మొదటిసారి విన్నారు. "ఎవరో ఒకరు ఆపండి దాన్ని!"

ముక్కు మేజా మధ్యలో, అందరి చేతికీ అందేంత దూరంలోనే ఉంది. ఒక్కరూ చెయ్యి చాపలేదు.